తిట్టుకొక చోటు

సారు పోయినారని ఆస్పత్రి నర్సమ్మ ఫోన్ చేసినప్పుడు నేను శ్రీసిటీ నుంచి ఇంటికి వచ్చే కంపెనీ బస్సులో ఉన్నాను. ఆమె పాపం మెల్లగానే చెప్పింది. నేనే "ఏందీ? ఎవురూ? ఎప్పుడూ?" అని అరిచి, కునుకు తీస్తున్న బస్సంతటినీ లేపేశాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఎవురితో కొట్లాట?" అన్నాడు. కొట్లాట కాదు స్వామీ, ఏడుపు. మా ఇంట్లో రెండింటికీ ఒకటే గొంతు. ఈ సంగతి బయటివాళ్ళలో మొట్టమొదట కనిపెట్టింది ఆ సారే. కనిపెట్టడానికి ఆయన కూడా ఒక దఫా బోర్లా పడ్డారు, అది వేరే సంగతి.

మాది నగరి. ముందర ఇల్లు, వెనక మరమగ్గాల షెడ్డు, రెండిటికీ మధ్య ఒక తలుపు. ఆ తలుపు వేసినా ఒకటే, తీసినా ఒకటే. పొద్దున మగ్గాలు మొదలైతే మళ్ళీ కరెంటు పోయినప్పుడే మనిషి మాట మనిషికి వినపడేది. అందుకని మేము పుట్టినప్పటి నుంచీ అరుస్తూనే పెరిగాం. "ఉప్పందుకో" అన్నా వీధి చివరికి వినపడాల్సిందే. మా అవ్వ దేవుడి పటం ముందు నిలబడి గుట్టుగా మొక్కుకునేది, మా ఇంటి గుట్టు మొత్తం పక్కవీధికి తెలిసిపోయేది.

అలాంటి ఇంటికి వచ్చారు సారు. తిరుపతిలో వైష్ణవుల ఇంట పుట్టిన మనిషి. నుదుట సన్నటి నామం, చంకలో గొడుగు, చేతిలో పెరుగన్నం డబ్బా. ఆయన గొంతు గురించి ఏం చెప్పేది! పెదాలు కదిలేవి గానీ మాటకు బయటికి రావడానికి మొహమాటం. ఆయనేం చెప్పినా మా అమ్మ నా వైపు తిరిగి, "ఏమంటాండాడే?" అని అరిచేది. ఆయన నవ్వి మళ్ళీ అంతే మెల్లగా చెప్పేవారు. ఎన్నిసార్లు అడిగినా చిటికెడు గొంతు పెంచేవారు కాదు. మొండిమనిషి.

ఆయన మా ఇంటికి రావడానికి కారణం మా అన్న. అన్నకు స్కిజోఫ్రీనియా. ఎవరూ లేనిచోట గొంతులు వినపడేవి. ఆ గొంతులకు వీడంటే ఎందుకో అంత పగ, ఒక్క మంచి మాట చెప్పేవి కాదు. తిరుపతి ఆస్పత్రిలో డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలకు గొంతులు తగ్గేవి, ఇంట్లో పెద్ద రచ్చ ఒకటి జరిగితే మళ్ళీ ఎగిసేవి. అప్పుడు డాక్టరు, "మాత్రలొక్కటే చాలవు, ఇంటిల్లిపాదితో మాట్లాడాల" అని ఆస్పత్రిలో కౌన్సెలింగు చేసే ఈ సారుకు అప్పజెప్పాడు. అది విని మా అవ్వ నోరు నొక్కుకుంది.

"జబ్బు వానికి, మందు మనకా? ఇదేడి వైద్యమబ్బా!"

సారు వచ్చేనాటికి మా ఇంట్లో పరిస్థితి చాలా చెడ్డగా ఉంది. కొన్ని వారాల ముందు అన్న కత్తెర తీసుకుని మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు పోగులు మొత్తం అడ్డంగా కత్తిరించేశాడు. ఆ పోగుల గుండా ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని వాడి భయం. నేతగాడి ఇంట్లో పడుగు కత్తిరించడమంటే మామూలు మాట కాదు. నాయన వాణ్ణి కొట్టలేదు. కొట్టినా బాగుండేదేమో. ఆ రోజు నుంచి వాడితో నేరుగా మాట్లాడటం మానేశాడు. వాడు ఎదురుగా కూర్చోనుంటే గోడతో, "చెప్పండి ఆ దొరకి, అన్నం తినమని" అనేవాడు. ఒకరోజు గోడతోనే చెప్పేశాడు.

"ఆడికృత్తిక పండక్కి మురుగన్‌కు కావడి మొక్కు తీర్చేసినంక, చిత్తూరు కాడ ఏదో ఆశ్రమం ఉండాదంట. ఆడ ఇడిచిపెట్టి వస్తా. ఇంగ నా వల్ల కాదు."

అమ్మ ఆ రోజంతా పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నాయన మాట అన్నాడంటే అన్నట్టే. అన్నకు అన్నీ వినపడ్డాయి. వాడు లేచి షెడ్డులోకి పోయాడు.

మొదటిసారి వచ్చినప్పుడు సారు ఆడికృత్తిక మాటా, ఆశ్రమం మాటా ఎత్తలేదు. ముందుగా మా అవ్వ ఆయన్నే విచారించింది. ఏ వీధి, పెండ్లాం బిడ్డలు ఎందరు, ఇంత సన్నగా ఉండారెందుకు, ఇంట్లో అన్నం పెట్టరా. తర్వాత, "మావాడికి పట్టింది గాలి సామీ. మీరు కాదంటారేమో" అని కయ్యానికి కాలు దువ్వింది.

"గాలే కావచ్చునమ్మా," అన్నారు సారు. "కావడి మొక్కినారు గదా, తీర్చండి. మాత్ర కూడా వేయండి. మాత్ర మానమని మురుగన్ ఏమైనా చెప్పినాడా?"

అవ్వ ఆలోచించింది. "లేదు, చెప్పలేదు."

"ఆహా. ఇంకేం మరి."

ఆ "ఆహా" ఆయన ఊతపదం. ఎవరెంత ఘోరమైన సంగతి చెప్పినా, ఇప్పుడే దర్శనం టికెట్టు దొరికినట్టు "ఆహా" అనేవారు. మధ్యాహ్నానికి డబ్బా తీసి పెరుగన్నం తిన్నారు. ఆచారం మనిషి, బయట తినరు. అవ్వకు రోషం వచ్చింది. మా ఇంటికొచ్చి మా ఇంట తినని మనిషి మాకేం బాగుచేస్తాడని మొహం తిప్పుకుంది. సారు ఆ మొహాన్ని కాసేపు చూసి, "ఆవకాయ ఉందా అమ్మా?" అని అడిగారు.

"మరి మీ మడి?"

"ఊరగాయకు మడి లేదమ్మా."

ఏ శాస్త్రంలో ఉందో ఈ మాట, నాకు తెలియదు. ఆయన మాత్రం వచ్చిన ప్రతిసారీ తన అన్నంలో మా ఆవకాయ కలుపుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, బ్రహ్మాండంగా ఉందని గుసగుసగా చెప్పి తినేవారు. దాంతో అవ్వ పూర్తిగా ఆయన పార్టీ అయిపోయింది.

ఇక బోర్లా పడిన సంగతి. ఒకసారి సారు వచ్చినప్పుడు మేమందరం ఒకేసారి అన్న గురించి చెప్పడం మొదలుపెట్టాం. అమ్మ ఒకటి, అవ్వ ఇంకొకటి, నాయన గోడతో ఒకటి, నేను అందరి మీదా ఒకటి. అన్న చెవులు మూసుకుని షెడ్డులోకి పోయాడు. సారు మా అరుపులు చూసి పాపం బెదిరిపోయారు. ఇంట్లో ఇంత కోపముంటే పిల్లవాడెలా కోలుకుంటాడని, "ఈ వారం అందరూ మెల్లగా మాట్లాడండి. నా మాదిరి" అని చెప్పి వెళ్ళారు.

మేము సారు మాట జవదాటలేదు. అమ్మ గొంతు తగ్గించింది. అవ్వ తగ్గించింది. నేను కూడా తగ్గించాను, నాకు తలనొప్పి వచ్చింది. అసలే మగ్గాల మోత, ఆపైన గుసగుసలు, ఎవరి మాటా ఎవరికీ అందదు. చెవిలో చెప్పుకోవడం మొదలుపెట్టాం. అమ్మ అవ్వ చెవిలో "చారులో ఉప్పు చాలదు" అంటుంది, అవ్వ నా చెవిలో "చారంట" అంటుంది. దూరం నుంచి అన్న చూస్తున్నాడు. మా ఇంట్లో గుసగుసలాడటమంటే ఒకటే అర్థం, ఎవరో పోయారు, లేదా ఎవరికో తెలియకుండా ఏదో దాస్తున్నారు. ఇంక వాడికి నిద్ర పడుతుందా? మూడు పూటలూ అన్నం ముట్టలేదు. అందులో ఏదో కలిపామని అనుమానం.

సారు మళ్ళీ వచ్చేసరికి వాడు వాకిట్లోనే ఎదురుపోయి చెప్పాడు. "సార్, వీళ్ళు నన్ను ఏందో చేయబోతాండారు. మెల్లగా మాట్లాడుకుంటాండారు సార్! మా ఇంట్లో ఎవురూ మెల్లగా మాట్లాడరు!"

ఇంకొకరైతే అది జబ్బు అని చెప్పి మాత్ర పెంచమనేవారేమో. సారు గొడుగు కింద పెట్టి, నడింట్లో, మా అందరి ముందు, టపటపా లెంపలేసుకున్నారు.

"తప్పు నాది. గుసగుసలు మా ఇంటి మర్యాద. మీ ఇంటికి తెచ్చి పెట్టినాను. వాడు చెప్పింది నిజమే కదా, మీరు మెల్లగా మాట్లాడితే ఎవరికైనా భయమేస్తుంది. నాకే వేస్తోంది."

అవ్వ గాభరాపడి, "అయ్యో సామీ, ఇడవండి, నామం చెదిరిపోతాది" అని ఆయన చేతులు పట్టుకుంది. అన్న మాత్రం సారును కొత్తగా చూశాడు. తాను చెప్పింది నిజమని చాలాకాలం తర్వాత ఒక మనిషి ఒప్పుకున్నాడు కదా.

సరిగ్గా అప్పుడే సారు ఫోన్ మోగింది. ఇంటి నుంచి ఆయన భార్య. ఆయన స్పీకరు పెట్టి ఫోన్ మా మధ్యలో నేల మీద ఉంచారు. "ఏమండీ, చెవులా అవి, చేటలా? నెయ్యి తెమ్మంటే నూనె తెస్తారు, నూనె తెమ్మంటే ఊళ్ళు తిరుగుతారు! ఊళ్ళో వాళ్ళ సంసారాలన్నీ చక్కబెడతారు, మన ఇంట్లో కొళాయి కారుతుంటే కనపడదు!" అలా చాలాసేపు సాగింది. తిరుపతి వైష్ణవుల ఇళ్ళల్లో కూడా గొంతుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. సారు మధ్యమధ్య "ఆహా... అట్లనా... తప్పే" అని, ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగారు.

"విన్నారు కదా. ఇది కోపమా?"

అమ్మ సిగ్గుపడుతూ, "కాదు సార్. అభిమానం" అంది.

"అభిమానమే. నాకు అరుగుతుంది, ఒళ్ళు బాగుంది కాబట్టి. తిట్టు ఈ ఆవకాయ మాదిరమ్మా. మంచిదే. కానీ జ్వరమొచ్చినవాడికి ఆవకాయ పెడతామా? వాడికి ఒంట్లో బాగయ్యేదాకా జాడీ ఇంకో చోట పెట్టాలి."

"యాడ పెట్టేది సార్?" అన్నాను నేను. "తిట్టకుంటే మా అమ్మకు పొద్దు పోదు."

సారు షెడ్డు తలుపు వైపు చూశారు. అన్న దినమంతా అక్కడే ఎందుకుంటాడో ఆయన అంతకుముందే అడిగి తెలుసుకున్నారు. ఆ మోతలో వాడికి ఎవరి తిట్లూ వినపడవు, లోపలి గొంతులు కూడా సరిగా వినపడవు. అక్కడ అందరూ చేతి సైగలతోనే పని నడుపుతారు.

"తిట్టండి, తప్పులేదు," అన్నారు సారు. "తిట్టుకొక చోటుండాలి, అంతే. ఇంట్లో వద్దు. ఎవరికి తిట్టాలనిపించినా షెడ్డులోకి పోయి, మగ్గాలు ఆడుతుండగా, వాడి ముందర నిలబడి కడుపునిండా తిట్టుకోండి." తర్వాత అన్న వైపు తిరిగి, "నీకు సమ్మతమేనా అప్పా? నీకు కాకుంటే వద్దు" అని అడిగారు.

అన్న తలూపాడు. "వాళ్ళొచ్చి నోరాడిస్తే నాకేం నష్టం సార్? పోగు తెగకుంటే చాలు."

అలా మొదలైంది మా ఇంట్లో ఆ వైద్యం. చూడాల్సిన వేడుక అది. అన్నం తినేటప్పుడు అమ్మకు కోపం ముంచుకొచ్చేది, పెదవి కొరుక్కుని గబగబా లేచి షెడ్డులోకి పరుగెత్తేది. అక్కడ అన్న ముందు చేతులు తిప్పుతూ, కొంగు దులుపుతూ ఏకబిగిన తిట్టి, వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చునేది. అవ్వ అయితే తమలపాకుల డబ్బాతో సహా పోయి స్టూలు మీద స్థిరపడేది. ఆకు వేసుకుంటూ, సున్నం రాసుకుంటూ, తీరిగ్గా తిట్టేది. అన్న ఆమెకు తలూపుతూ, తెగిన పోగులు ముడివేస్తూ ఉండేవాడు. బయటికొచ్చి అవ్వ, "అబ్బా, కడుపు తేలికైపోయింది" అనేది. నేను కూడా పోయేదాన్ని. నాలుగు ముక్కలు అన్నను తిట్టేసి, మిగతా అంతా మా కంపెనీ సూపర్‌వైజరును తిట్టేదాన్ని. అన్నకు తేడా తెలిసేది కాదు, దయగా తలూపేవాడు. పక్కింటి అత్తకు ఈ సంగతి తెలిసి, "మా ఆయన్ని కూడా ఒకసారి పిల్చుకొని వస్తానే, రెండు నిమిషాలు" అని అడిగింది. ఆ మామకు మీసం మీద మహా మోజు. వారానికొకసారి రంగు.

ఇంట్లో తిట్లు తగ్గాయి. అన్న అన్నం తింటున్నాడు, మాత్ర వేసుకుంటున్నాడు. గొంతులు పూర్తిగా పోలేదు గానీ వాడు నిద్రపోతున్నాడు. అయినా నాయన గోడతో మాట్లాడటం ఆపలేదు, ఆశ్రమం మాట వెనక్కి తీసుకోలేదు. ఆడికృత్తిక దగ్గర పడుతోంది. నాకు భయం పట్టుకుంది. ఒకరోజు సారును బస్సెక్కించడానికి పోతూ, "మా నాయనకు చెప్పండి సార్, మీ మాటంటే వింటాడు" అని బతిమాలాను.

"వినడు తల్లీ. నా మాట ఆయనకు వినపడితే కదా," అన్నారు సారు. కానీ వెనక్కి తిరిగి వచ్చారు. నాయన ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నారు, నాయన చూపు ఎటూ ఆ గోడ మీదే ఉంటుందని.

"వదిలేయాలంటే వదిలేయండప్పా. నేను అడ్డం రాను. ఒక్కటే. వదిలేముందు వాణ్ణి తిట్టాల్సింది మొత్తం తిట్టేయండి. లోపల దాచుకుంటే, వాడు చిత్తూరులో ఉంటాడు, తిట్టు మీ దగ్గర ఉండిపోతుంది."

 నాయన, "సరే, అదీ సూస్తాం" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయన షెడ్డులోకి పోయాడు. మేము తలుపు సందులో నుంచి చూశాం. మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పెదాలు కదిలాయి. తర్వాత చెయ్యి లేచింది. అన్న తలెత్తి నాయన మొహంలోకే చూస్తున్నాడు. అది మొదలు, రోజూ పోయేవాడు, రోజురోజుకూ ఎక్కువసేపు ఉండేవాడు. చేతులతో ఆకాశం చూపిస్తాడు, వీధి చూపిస్తాడు, తొడ చరుస్తాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్ని తిట్లు యాడ దాచిపెట్టుకున్నాడే ఈ మనిషి! ఇంత కోపం పెట్టుకున్నోడు బిడ్డను ఇంట్లో ఉంచుతాడా?" అంది. ఒకరోజు మౌనంగా అన్న బట్టలు మడిచి సంచిలో సర్దేసింది. సంచి నడింట్లో పెట్టింది. నేను దాన్ని చూడలేక చుట్టూ తిరిగి నడిచేదాన్ని.

ఆడికృత్తికకు ముందురోజు సారు వచ్చారు. సంచి చూశారు. "ఆహా" అనలేదు.  నాయన షెడ్డులో ఉన్నాడు, మోతలో ఎప్పటిలాగే చేతులు తిప్పుతున్నాడు. సారు, అమ్మ, అవ్వ, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. పక్కింటి మామ తన మగ్గానికి గ్రీజు అడగడానికి వచ్చి మా వెనకాల నిలబడ్డాడు.

కరెంటు పోయింది.

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నాయన గొంతు మాత్రం ఆగలేదు. మగ్గాల మోత మీదికి ఎక్కించిన గొంతది, అంత తొందరగా దిగుతుందా?

"...ఆ మీసం సూడరా వానిది! రంగేసుకొని అద్దం ముందర గంటసేపు తిప్పుకుంటాడంట! పెండ్లామే సెప్పింది మీ అమ్మతో! గాలికి ఆరాలని ఫ్యాను కింద మొగం పెట్టి పండుకుంటే, ఆ రంగు దిండుకంతా..."

వీధి మొత్తం విన్నది. మామ చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. అన్న పోగు ముడివేస్తూ, తలెత్తకుండా, మామూలు గొంతుతో అన్నాడు.

"నాయనా, మెల్లగా. మగ్గాలు నిలిచిపోయినాయి."

అప్పుడు సారు నవ్వారు. అంతకాలం ఆ మనిషి గొంతు ఎక్కడ దాచారో నాకు అప్పుడు తెలిసింది. నవ్వులో దాచారు. తలుపు పట్టుకుని, నేల మీదికి జారి, నామం మోచేతికి అంటుకునేదాకా, పొట్ట పట్టుకుని, ఊరు దద్దరిల్లేలా నవ్వారు. అవ్వకు నవ్వొచ్చింది, అమ్మకు ఏడుపు, నాకు రెండూ. మామ, "నా మీసం సంగతి నీకేలప్పా!" అని గ్రీజు తీసుకోకుండానే వాకిట్లోకి పోయాడు. పోయినవాడు అక్కడే నిలబడ్డాడు, మిగతాది వినాలి కదా.

నాయన మొహం కందగడ్డైపోయింది. "తిట్లు రెండు దినాలకే అయిపోయినాయి సార్," అన్నాడు నేల చూస్తూ. "మీరు మొత్తం తిట్టేయమన్నారే. దినామూ పొయ్యి ఊరికే నిలబడేదానికి సిగ్గేసి, ఏందో ఈది సంగతులు సెప్తా ఉండా. ముందర కూడా సెప్పేవాణ్ణే, వానికి బాగుండేటప్పుడు."

సారు లేచి కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ తన పాత గుసగుస గొంతుతోనే అడిగారు. కరెంటు లేదు కాబట్టి మొదటిసారి ఆయన మాట నాయనకు ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

"చిత్తూరు బస్సు ఎన్నింటికప్పా?"

నాయన మా భుజాల మీదుగా నడింట్లో సంచిని చూశాడు. "అదెవురు సర్దినారు?" అన్నాడు.  ఆయన గోడ వైపు తిరగబోయి, ఎందుకో ఆగి, అన్న వైపే తిరిగాడు.

"నిన్ను ఆడ ఇడిచిపెట్టేసి వస్తే, ఇంగ ఈ షెడ్డులో నేనెవురితో రా మాట్లాడేది!"

అన్న ముడి బిగించి, మిగిలిన పోగు తెంచి, స్టూలు నాయన వైపు జరిపాడు.

"అది సరే నాయనా. ఆ దిండు ఏమైందంట?"